ఓపెన్ ఇంటర్‌లో సోషియాలజీ: చెప్పేవాళ్ళు లేకుండా చదవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: సిరిసిల్లలో ఉంటున్నారు, పదో తరగతి పాసై చాలా ఏళ్ళయింది, ఇద్దరు పిల్లలు, పగలంతా బట్టల షాపులో పని. ఓపెన్ స్కూల్లో తెలుగు మీడియం ఇంటర్ కట్టి అందులో సోషియాలజీ తీసుకుందామనుకుంటున్నారు. "అది ఈజీ, కథల పుస్తకం చదివినట్టు చదివితే చాలు" అని ఎవరో చెప్పారు. టీచర్ లేకుండా నడుస్తుందా, రేపు డిగ్రీకీ గ్రూప్-2కీ పనికొస్తుందా అని సందేహం.

నడుస్తుందమ్మా, పనికొస్తుంది కూడా. నేను జూనియర్ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఓపెన్ స్కూల్ ఆదివారం క్లాసులూ ఏళ్ళ తరబడి తీసుకున్నాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. ఈజీ అన్నమాట మాత్రం సగమే నిజం. ఇందులో లెక్కలుండవు, ల్యాబ్ ఉండదు, ప్రాక్టికల్స్ ఉండవు. చదివితే అర్థం కాని వాక్యమంటూ పెద్దగా ఉండదు. అసలు చిక్కు అక్కడే ఉంది. కుటుంబం, పెళ్ళి, కులం, ఊరు, పండగ ఇవన్నీ మనకు పుట్టినప్పటినుంచీ తెలిసినవే కాబట్టి పాఠం కూడా తెలిసినట్టే అనిపిస్తుంది. పరీక్షలో ఆ ధీమాతో మూడు పేజీలు నింపి వస్తారు. మార్కులు చూస్తే పాస్ మార్కు దగ్గర ఊగుతుంటాయి. ఫిజిక్స్‌లో రాకపోతే రాలేదని మనకే తెలుస్తుంది, ఇందులో రాలేదన్న సంగతే తెలియదు.

ముందు అడ్మిషన్ సంగతి తొందరగా ముగిస్తాను. తెలుగులో చదివి తెలుగులోనే రాయాలనుకుంటే మీకు రాష్ట్ర ఓపెన్ స్కూలే నయం. తెలంగాణలో దాన్ని టాస్ (తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ) అంటున్నారు, ఆంధ్రలో ఏపీ ఓపెన్ స్కూల్. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైన సంస్థే రాష్ట్ర విభజన తర్వాత రెండైంది. కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ వేరు. అది సీబీఎస్‌ఈ కింద 1979లో ఒక ప్రాజెక్టుగా మొదలై, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మారి, 2002 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. భివండీలోనో సూరత్‌లోనో స్థిరపడి ఇంగ్లీషులోనో హిందీలోనో రాయగలిగిన మన వాళ్ళకి అది బాగుంటుంది, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి అక్కడ కూడా కేంద్రాలున్నాయి. సోషియాలజీ వరకూ సిలబస్ తీరు రెండింటిలోనూ దగ్గర దగ్గరే. కనీసం ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు తీసుకోవాలి. అయిదూ ఒకేసారి పాస్ కానక్కర్లేదు. ఒకసారి కట్టిన రిజిస్ట్రేషన్ అయిదేళ్ళు నడుస్తుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే ఉండిపోతాయి. పని చేసుకుంటూ చదివేవాళ్ళకి ఈ వెసులుబాటే ప్రాణం. మీలాంటివాళ్ళు మొదటి విడతలో రెండో మూడో రాసి, మిగతావి తర్వాతి విడతకు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీ, బీసీలకూ ఫీజులో తగ్గింపు ఉంటుంది, నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఇంకొక్క మాట. స్టడీ సెంటర్ చుట్టూ "మేం చూసుకుంటాం, మీరు పరీక్షకు వస్తే చాలు, గ్యారంటీ పాస్" అనే ఏజెంట్లు తిరుగుతుంటారు. అసలు ఫీజుకు మూడు నాలుగింతలు అడుగుతారు. వాళ్ళ జోలికి పోవద్దు. ఆన్‌లైన్‌లో మీరే కట్టుకోవచ్చు, కట్టిన రసీదు మీ దగ్గరే పెట్టుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ సబ్జెక్టులో ఎందుకు తప్పుతారో ఒక ఉదాహరణతో చూపిస్తాను. "సంస్కృతీకరణ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. దానికి ఎక్కువమంది రాసే సమాధానం ఈ ధోరణిలో ఉంటుంది: "మన దేశంలో పూర్వకాలం నుంచి కులవ్యవస్థ ఉంది. ఇది చాలా చెడ్డది. తక్కువ కులం వాళ్ళు పై కులం వాళ్ళని చూసి మారుతున్నారు. ఇప్పుడు అందరూ చదువుకుంటున్నారు. ప్రభుత్వం ఇంకా చర్యలు తీసుకోవాలి." ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ మార్కు వేయడానికి దిద్దేవాడికి పట్టు దొరకదు. ఇది రోడ్డు మీద ఎవరైనా చెప్పగలిగే అభిప్రాయం.

అదే ప్రశ్నకు ఇలా రాశారనుకోండి: "కుల శ్రేణిలో దిగువన ఉన్న కులం గానీ, గిరిజన సమూహం గానీ, పై కులాల, ముఖ్యంగా ద్విజ కులాల, ఆచారాలను, పూజా విధానాలను, జీవనశైలిని అనుసరించి తన స్థానాన్ని పెంచుకోవడానికి ప్రయత్నించడమే సంస్కృతీకరణ. ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గులపై 1952లో ప్రచురించిన అధ్యయనంలో ఈ భావనను వివరించారు. మద్యం, మాంసం మానడం, జంధ్యం ధరించడం దీనికి ఉదాహరణలు. దీనివల్ల ఒక కులం స్థానం మారవచ్చు, కులవ్యవస్థ నిర్మాణం మాత్రం మారదు." ఇవీ నాలుగు వాక్యాలే. నిర్వచనం ఉంది, ఎవరు చెప్పారో ఉంది, ఉదాహరణ ఉంది, చివరి వాక్యంలో ఆ భావన పరిమితి కూడా ఉంది. ఆ చివరి వాక్యమే మంచి సమాధానాన్ని మామూలు సమాధానం నుంచి విడదీస్తుంది. నిచ్చెన మీద ఒకరు మెట్టు ఎక్కినంత మాత్రాన నిచ్చెన పోదు కదా.

కాబట్టి ప్రతి పాఠంలోనూ మీరు వెతకాల్సినవి ఈ నాలుగే. వీటికి తోడు, దేనికి దేనితో తేడా అన్నది. సోషియాలజీ పేపర్లో తేడాల ప్రశ్నలకు కొదవుండదు: సమాజం–సముదాయం, అంతస్తు–పాత్ర, ప్రాథమిక సమూహం–ద్వితీయ సమూహం, కులం–వర్గం, సంస్కృతీకరణ–పాశ్చాత్యీకరణ. నోట్సు రాసుకునేటప్పుడే పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఇటొకటి అటొకటి రాసుకుంటే రివిజన్ రోజున ఎంతో కలిసొస్తుంది.

టీచర్ లేకపోవడం గురించి భయపడకండి అన్నాను. ఎందుకంటే క్లాసులో పదహారేళ్ళ పిల్లలకు ఈ పాఠాలు చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. అంతస్తు, పాత్ర, పాత్రల మధ్య సంఘర్షణ అని బోర్డు మీద రాస్తే వాళ్ళు ఎత్తి రాసుకునేవాళ్ళు, అంతే. ఆదివారం క్లాసుకొచ్చే పెద్దవాళ్ళు అలా కాదు. పొద్దున షాపులో సేల్స్‌గర్ల్, సాయంత్రం ఇద్దరు పిల్లల తల్లి, అత్తగారింటికి కోడలు, రాత్రి పదింటికి విద్యార్థి. ఈ నాలుగు అంతస్తులూ ఒక్క మనిషివే. పరీక్ష ముందురోజు పిల్లాడికి జ్వరమొస్తే ఏ పాత్ర నెగ్గాలన్నదే పుస్తకంలో చెప్పే పాత్రా సంఘర్షణ. మీకది వివరించి చెప్పనక్కర్లేదు, దాని పేరు చెబితే చాలు. పుట్టుకతో వచ్చింది ఆపాదిత అంతస్తు, కష్టపడి తెచ్చుకున్నది సాధిత అంతస్తు. రేపు మీ చేతికొచ్చే ఇంటర్ మెమో రెండోదానికి ఉదాహరణ.

ఇప్పుడు ఒక పని చెబుతాను, పుస్తకం రాకముందే మొదలుపెట్టొచ్చు. తెల్లకాగితం తీసుకుని మీ కుటుంబం పటం గీయండి. మగవాళ్ళకి త్రిభుజం, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళికి సమానం గుర్తు, పిల్లలకి కిందికి నిలువు గీత, తోబుట్టువులను కలుపుతూ పైన అడ్డగీత. ప్రపంచమంతటా బంధుత్వాలు గీసే పద్ధతి ఇదే. మీ నుంచి మొదలుపెట్టి తాతమ్మల దాకా, అటు అత్తగారివైపు కూడా. గీశాక ప్రతి పెళ్ళి పక్కనా మూడు సంగతులు రాయండి: ఇద్దరిదీ ఒకే కులమా, ఇంటిపేరు ఒకటేనా వేరా, పెళ్ళికి ముందే చుట్టరికం ఉందా.

పటం పూర్తయ్యేసరికి బంధుత్వ పాఠంలో సగం మీ ముందే ఉంటుంది. కులం లోపలే చేసుకోవాలన్నది అంతర్వివాహ నియమం. ఒకే ఇంటిపేరూ ఒకే గోత్రమూ ఉంటే కుదరదన్నది బహిర్వివాహ నియమం. మన పెళ్ళిళ్ళలో ఈ రెండూ ఒకేసారి పనిచేస్తుంటాయి: గీసిన ఒక గీత దాటకూడదు, లోపల గీసిన ఇంకో గీత దాటి తీరాలి. పుస్తకంలో ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి తేడా చెబుతారు కాబట్టి చాలామంది వీటిని పరస్పరం పడనివనుకుంటారు. ఒకే పెళ్ళిలో రెండూ ఉంటాయని రాసి, ఉదాహరణ ఇచ్చినవాళ్ళకి మార్కులు తగ్గవు.

ఇక మేనరికం. మీ పటంలో ఒకటో రెండో ఉండే ఉంటాయి. మేనమామ కొడుకునీ, మేనత్త కొడుకునీ చేసుకోవచ్చు. పెదనాన్న కొడుకుగానీ పిన్ని కొడుకుగానీ అన్నదమ్ముల కిందే లెక్క, ఆ మాట తలపెడితేనే ఇంట్లో చెవులు మూసుకుంటారు. రక్తసంబంధం చూస్తే నలుగురూ ఒకే దూరంలో ఉన్నవాళ్ళే. అయినా ఇద్దరితో పెళ్ళి ఆచారం, ఇద్దరితో పెళ్ళి పాపం. అంటే బంధుత్వాన్ని నిర్ణయిస్తున్నది రక్తం ఒక్కటే కాదు, సమాజం గీసిన నియమం. ఉత్తరాదిలో చాలా హిందూ కులాల్లో మేనరికం నిషిద్ధం. అనేక ప్రాంతాల్లో సొంత ఊళ్ళో సంబంధం కూడా చేసుకోరు, ఆడపిల్లను ఎరగని ఊరికి, ఎరగని ఇంటికి పంపుతారు. ఇరావతీ కర్వే 1953లో అచ్చయిన తన గ్రంథంలో దేశంలోని బంధుత్వ వ్యవస్థలను ప్రాంతాలవారీగా పోల్చింది ఈ తేడాల మీదే. దక్షిణాదిలో పెళ్ళంటే ఉన్న చుట్టరికాన్నే గట్టి చేసుకోవడం, అక్కడ కొత్త చుట్టరికం కలుపుకోవడం. 1955 హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. సామాజిక నియంత్రణ పాఠంలో చట్టం, ఆచారం అని రెండు శీర్షికలుంటాయి. వాటిని కలిపే ఉదాహరణ మీ ఇంటి పటంలోనే ఉంది.

ఈ పటం మీద నేను ఇంత సేపు ఆగడానికి కారణముంది. సోషియాలజీలో మిగతా పాఠాలు కొంచెం అటూ ఇటూగా చదివినా నెట్టుకురావచ్చు. కుటుంబం, వివాహం, బంధుత్వం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ప్రశ్నలు తప్పక వస్తాయి, రేపు డిగ్రీలోనూ ఇవే పెద్దవై వస్తాయి.

మీ ఊరు కూడా మీకు పాఠ్యపుస్తకమే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు, ఇంటి గుమ్మంలో చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, భివండీ వెళ్ళి వచ్చిన కుటుంబాలు. ఒకే ఇంట్లో మగవాడు మరమగ్గం మీద, ఆడమనిషి బీడీల మీద. కార్ల్ మార్క్స్ చెప్పిన ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న అక్కడే అడగొచ్చు: మగ్గం ఎవరిది, నూలు ఎవరిది, కూలి ఎంతన్నది ఎవరు తేలుస్తారు? శ్రమ విభజన, కుల వృత్తి నుంచి కూలి పనికి మారడం, వలస ఇవన్నీ వేరే పాఠాల్లో విడివిడిగా కనిపిస్తాయి. ఒక నేత కుటుంబం కథ తీసుకుంటే వరసగా వచ్చేస్తాయి.

అలాగని పరీక్షలో ఊరి కబుర్లు రాయకండి. ముందు భావన, ఆ తర్వాత రెండు వాక్యాల్లో ఊరి ఉదాహరణ, అంతే.

ప్రకట ప్రయోజనం, గుప్త ప్రయోజనం అని రాబర్ట్ మెర్టన్ చెప్పిన మాటలు చాలామందికి తికమకగా ఉంటాయి. దీనికి నేను ఎప్పుడూ దూబగుంట చెబుతాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. సాయంత్రం పూట ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పడం దాని ఉద్దేశం, అది ప్రకట ప్రయోజనం. వాచకంలో సారా గురించిన పాఠం కూడా ఉంది. రోజూ ఒకచోట కూర్చుని చదివినవాళ్ళు తమ ఇళ్ళల్లో జరుగుతున్నదే ఆ పాఠమని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. అక్షరాస్యత కేంద్రం పెట్టినవాళ్ళు ఇదంతా అనుకుని పెట్టలేదు, అది గుప్త ప్రయోజనం. ఈ ఒక్క సంఘటనతో సామాజిక ఉద్యమం, సామాజిక మార్పు, స్త్రీల సమస్యలు, విద్య ప్రయోజనాలు నాలుగు ప్రశ్నలకు ఉదాహరణ దొరుకుతుంది. మీ మహిళా సంఘం మీటింగు కూడా ఇలాంటిదే. పొదుపు పైకి కనిపించేది, నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం అలవాటవడం కనిపించనిది.

ఇంకో ఉదాహరణ మీకు బస్సులో వెళ్తూ కనిపిస్తుంది. సిరిసిల్ల నుంచి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు వెళ్ళేటప్పుడు శామీర్‌పేట వస్తుంది కదా. భారత గ్రామాల మీద సోషియాలజీలో వచ్చిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి ఆ ఊరి మీదే. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే తన బృందంతో 1950ల మొదట్లో ఆ ఊరిని పరిశీలించి 1955లో పుస్తకం వేశారు. కులాలు, పనులు, పండగలు, ఇళ్ళల్లో ఆడామగా తీరు అంతా అందులో ఉంది. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి రైతులకు పనిచేసి పంటలో వంతు తీసుకునే పద్ధతిని పుస్తకాల్లో జజ్మానీ వ్యవస్థ అంటారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళని ఆయం, మేర అని అడగండి, వెంటనే చెబుతారు. అదే శామీర్‌పేట దగ్గర ఇప్పుడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, జీనోమ్ వ్యాలీ ఉంది, అవుటర్ రింగ్ రోడ్డు ఉంది. పల్లె పట్నంలో కలవడం, పంట వంతు పోయి నెల జీతం రావడం, భూమి సాగు నుంచి ప్లాటుగా మారడం సామాజిక మార్పు పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పేర్లూ సంవత్సరాలూ ఎన్ని గుర్తుపెట్టుకోవాలని అడుగుతారు. ఎక్కువ అక్కర్లేదు. సోషియాలజీ అన్న పేరును 1838లో వాడుకలోకి తెచ్చిన ఆగస్ట్ కామ్టే, స్పెన్సర్, మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్. మనవాళ్ళలో ఘుర్యే, శ్రీనివాస్, కర్వే, దూబే. ఒక్కొక్కరికీ ఒక ముఖ్య భావన, ఒక సంవత్సరం. డర్క్‌హైమ్‌ను మాత్రం కాస్త నిదానంగా చదవండి, ఈ శాస్త్రం మిగతా వాటికంటే ఎందుకు వేరో ఆయన దగ్గర తెలుస్తుంది. 1897లో ఆయన ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. ప్రాణం తీసుకోవడం కంటే సొంత విషయం ఏముంటుంది? కానీ ఆయన ఒక్కో మనిషి బాధను కాకుండా, ఏ సమూహంలో రేటు ఎక్కువ, ఎక్కడ తక్కువ అని పోల్చాడు. కాథలిక్కులకంటే ప్రొటెస్టెంట్లలో, పెళ్ళయినవాళ్ళకంటే కానివాళ్ళలో ఎక్కువని చూపి, మనిషిని సమూహం ఎంత గట్టిగా పట్టుకుని ఉందన్నదానితో దీన్ని ముడిపెట్టాడు. "ఒకరి కష్టం" అనుకున్నదాన్ని "ఒక సమాజం తీరు"గా చూడటమే ఈ సబ్జెక్టు మొత్తం. వరకట్నం గురించి రాసినా, వలస గురించి రాసినా ఆ చూపుతోనే రాయాలి: ఫలానా అత్తగారు చెడ్డదని కాదు, ఏ పరిస్థితుల్లో ఏ వర్గాల్లో ఇది నిలబడి ఉందన్నది.

కులం పాఠం దగ్గర అందరూ తడబడతారు. దెబ్బతిన్నవాళ్ళకి కోపం ముందుకొస్తుంది, దెబ్బ తగలనివాళ్ళు "ఇప్పుడెక్కడుందండీ" అంటారు. పరీక్షలో రెండూ పనికిరావు. దీనికి ఒక పద్ధతి చెబుతాను. ముందు లక్షణాలు రాయండి: పుట్టుకతో సభ్యత్వం, అంతర్వివాహం, వృత్తి, హెచ్చుతగ్గుల శ్రేణి, తిండి, అంటు నియమాలు. ఘుర్యే 1932లో ఇచ్చిన లక్షణాలే అన్ని పుస్తకాల్లోనూ కనిపిస్తాయి. వాటిలో ఏది కేంద్రమన్నదానికి అంబేద్కర్‌ను తలుచుకోండి. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో ఆయన అంతర్వివాహమే కులానికి ప్రాణమని వాదించాడు. మీరు గీసిన పటంలో కులం దాటి జరిగిన పెళ్ళిళ్ళు ఎన్నున్నాయో చూసుకుంటే ఆ వాదన బలం తెలుస్తుంది. తర్వాత చట్టాలు: రాజ్యాంగంలో 17వ అధికరణం, 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం. ఈ చివరిదానికి ముందు 1985లో కారంచేడు, తర్వాత 1991లో చుండూరు, రెండూ దళితుల మీద జరిగిన మారణకాండలు. చట్టం వచ్చినంత మాత్రాన సమాజం మారదనడానికి ఈ తేదీలే చాలు, పైన వ్యాఖ్యానం రాయనక్కర్లేదు.

స్త్రీల స్థితి పాఠానికి కూడా మన దగ్గరి నుంచే ఉదాహరణలున్నాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం అందరికీ తెలుసు. అంతగా తెలియనిది, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది. దేశమంతటికీ అది 2005 సవరణతో వచ్చింది. వరకట్న నిషేధ చట్టం 1961ది, బాల్యవివాహాల నిషేధ చట్టం 2006ది. ఎన్‌ఐఓఎస్ సిలబస్‌లో చివర "స్త్రీల స్థితిగతులు", "సంస్కృతి" అని రెండు ఐచ్ఛిక భాగాలుంటాయి, ఒకటే రాయాలి. మీ పుస్తకంలోనూ అలా ఉంటే మొదటిది తీసుకోండి. రెండోది తేలిగ్గా కనిపిస్తుంది గానీ అందులో నిర్వచనాలు జారిపోతాయి.

చదివే పద్ధతి గురించి. రోజుకు మూడు గంటలు అని టైమ్‌టేబుల్ వేసుకోకండి, షాపు పనితో అది వారం కూడా నిలవదు. రాత్రి వంటిల్లు సర్దాక ముప్పావు గంట, అందులో అరగంట చదవడం, పావుగంట పుస్తకం మూసి రాయడం. ఈ రాయడం దగ్గర రాజీపడొద్దు. ఏళ్ళ తరబడి సంతకం తప్ప ఏమీ రాయనివాళ్ళకి పరీక్షలో గంట గడిచేసరికి వేళ్ళు పట్టేస్తాయి. వచ్చిన సమాధానం కూడా సగంలో ఆగిపోతుంది. సబ్జెక్టు రాక కాదు, చెయ్యి నడవక మార్కులు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. పాత ప్రశ్నపత్రం ఒకటి పెట్టుకుని, పరీక్షకు ముందు రెండు మూడు ఆదివారాలు గడియారం చూసుకుంటూ పూర్తి పేపర్ రాయండి.

పరిభాష పదాల దగ్గర కొంచెం కష్టం తప్పదు. ఒక పుస్తకంలో సామాజీకరణ అని ఉంటుంది, ఇంకోదాంట్లో సాంఘికీకరణ. ఒకచోట అంతస్తు, ఒకచోట హోదా. భయపడకుండా మీ పుస్తకంలో ఉన్న మాటే వాడండి. పక్కన ఇంగ్లీషు మాట కూడా తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకోండి: సోషలైజేషన్, స్టేటస్, ఎండోగమీ. డిగ్రీలో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆ మాటలే ఎదురొస్తాయి.

అసైన్‌మెంట్లు ఇస్తే గైడులోంచి ఎత్తి రాయకండి. మంచివాళ్ళు చెప్పే మాట అని కాదు, అవే ప్రశ్నలు మెయిన్ పరీక్షలో తిరిగి వస్తుంటాయి కాబట్టి. ఆదివారం క్లాసులకు అన్నిటికీ పోలేరు, ఫరవాలేదు. కానీ మొదటి దానికీ, చివరి రెండిటికీ తప్పకుండా వెళ్ళండి. మొదటిరోజు మీలాంటి మరో నలుగురు దొరుకుతారు, వాళ్ళ నంబర్లే మీకు తర్వాత ఆసరా. చివరి క్లాసుల్లో ఏ పాఠాలు వదిలేయకూడదో చెబుతారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఇంపార్టెంట్ పది ప్రశ్నలు" మీద మాత్రం ఆధారపడొద్దు.

మీరు అడిగిన చివరి రెండు సంగతులు. ఓపెన్ ఇంటర్ సర్టిఫికెట్‌తో డిగ్రీలో చేరవచ్చు. పనిచేసుకుంటూ బీఏ చేయాలంటే హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టిన అది దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ, అందులో బీఏలో సోషియాలజీ ఉంది, తెలుగు మీడియంలో రాయొచ్చు. గ్రూప్-2 విషయానికొస్తే, తెలంగాణలో పేపర్-2లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాలు అని ఒక భాగమే ఉంది. ఆంధ్రలో స్క్రీనింగ్ పరీక్షలో భారతీయ సమాజం చేర్చారు. ఆ పోటీ పరీక్షల్లో బిట్లు వస్తాయి, ఇంటర్‌లో వ్యాసాలు. కాబట్టి ఇప్పుడే బిట్ల పుస్తకం కొనకండి, దాంతో ఇంటర్ పేపర్ రాయలేరు. ఇంటర్ పుస్తకం సరిగ్గా చదివితే బిట్లు చాలావరకు అందులోంచే వస్తాయి.

మిగతా నాలుగు సబ్జెక్టులు ఏం తీసుకున్నారో రాయలేదు. ఇంకా కట్టకపోతే తెలుగు, చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చూడండి. మొదటి విడతలో తెలుగు, సోషియాలజీ, రాజనీతిశాస్త్రం పెట్టుకుని చరిత్రను వెనక్కి నెట్టండి, దాని పుస్తకం బరువెక్కువ. కుటుంబ పటం గీశాక ఎక్కడైనా చుట్టరికం ముడి విడకపోతే రాయండి, చూస్తాను. పేర్లు అక్కర్లేదు, త్రిభుజాలూ సున్నాలూ ఉంటే చాలు.